పక్కకు జరిగిన పేరా

నాగావళి థీసిస్ మళ్లీ వెనక్కి వచ్చింది.

తప్పు విషయంలో లేదు. విషయం జోలికి ఎవరూ పోలేదు. పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లు తమ పని గురించి ఏం మాట్లాడుకుంటారు, ఎలా మాట్లాడుకుంటారు అన్నది ఆమె పరిశోధన. ఏళ్ల తరబడి ఆ బట్టీల చుట్టూ తిరిగి, వాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చి రాసింది. యూనివర్సిటీ ఆఫీసులో థీసిస్‌లు తీసుకునే సూపరింటెండెంటు అందులో ఒక్క వాక్యం చదవలేదు. స్కేలు పెట్టి మార్జిన్లు కొలిచాడు. పేజీలు తిరగేశాడు. మొదటి పేజీకి చీటీ గుచ్చి పంపేశాడు.

"పొడవైన ఉటంకింపులు నిబంధనల ప్రకారం లేవు. సరిచేసి సమర్పించగలరు."

నిబంధన ఏమిటంటే, ఇతరుల మాటలు నాలుగు వరుసలు దాటితే వాటిని విడి పేరాగా పెట్టాలి. రెండు వైపులా లోపలికి జరపాలి. అక్షరాల సైజు తగ్గించాలి. పరిశోధకురాలి మాట పద్నాలుగు పాయింట్లయితే, ఉటంకింపు పన్నెండు.

నాగావళి అలా చేయలేదు. మరిచిపోయి కాదు. కావాలనే చేయలేదు. ఆమె వ్యాసాన్ని ఒక పరిశోధన పత్రిక కూడా ఇదే మాట చెప్పి తిప్పి పంపింది. అప్పుడే మార్చలేదు, ఇప్పుడెందుకు మారుస్తుంది?

శుక్రవారం సాయంత్రంలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గడువు మీద గడువు ఇచ్చి యూనివర్సిటీ చేతులు దులుపుకుంది. ఆ రోజు మంగళవారం.

థీసిస్, చీటీ పట్టుకుని ఆమె తన గైడ్ గదిలోకి దూసుకెళ్లింది.

గైడ్ పేరు సువర్చల. అందరూ మేడమ్ అనే అంటారు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. మోకాళ్ల నొప్పులు. గొంతు పెద్దది కాదు. ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్లు ఆవిడ చెప్పిన పాఠాల కంటే ఆవిడ విన్న తీరునే ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు. ఎదుటివాళ్లు ఎంతసేపు మాట్లాడినా అడ్డురారు. మాట ఆగాక మాత్రం ఒకటే అడుగుతారు. "అయిందా?"

నాగావళికి ఆ ప్రశ్నకు ఔనని చెప్పిన అలవాటు లేదు. ఆమెకు ఏటి పేరు పెట్టింది వాళ్ల నాన్న. పేరు పెట్టిన పాపానికి ఇంట్లో అందరం ఆ వరద భరిస్తున్నాం అని వాళ్లమ్మ నవ్వేది. కాలేజీ డిబేట్లలో ఆమె మైకు ముందుకొస్తే ఎదుటి జట్టు ముందుగానే మంచినీళ్లు తాగేది.

"మేడమ్, నేను మార్చను."

"ముందు కూర్చో."

"కూర్చుంటే కోపం తగ్గిపోతుంది. నిలబడే చెప్తాను."

మేడమ్ తల ఊపారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అంటే, వింటున్నాను అని.

"నాకు పద్నాలుగు పాయింట్లు, పిక్కలు కొట్టే దాలమ్మకి పన్నెండా? ఏం, ఆవిడ నోరు చిన్నదా? ఎవరి మాటల మీద నాకీ డిగ్రీ వస్తోందో వాళ్లకి చిన్న అక్షరాలు, వాళ్ల మాటలు ఏరుకొచ్చిన నాకు పెద్ద అక్షరాలా? పైగా పక్కకి జరపాలట! జీవితమంతా పక్కకి జరిగే బతికింది మేడమ్ ఆవిడ. ఓనరు కారొస్తే పక్కకి జరుగు. మేస్త్రీ వస్తే పక్కకి జరుగు. రేషను షాపులో పక్కకి జరుగు. చివరికి నా థీసిస్‌లో కూడా పక్కకి జరుగమ్మా అనాలా?"

ఊపిరి పీల్చుకుంది.

"అయిందా?" అన్నారు మేడమ్.

"అవలేదు. నా పుస్తకంలో మేమిద్దరం ఒకే వరుసలో ఉంటాం. ఒకే సైజులో. ఆవిడ మాట ఎక్కడ ఆగిందో నా మాట అక్కడే అందుకుంటుంది. కొటేషన్ గుర్తులు కూడా పీకేశాను. అవి కంచెలు. ఇది ఫార్మాటింగ్ కాదు మేడమ్, ఎవర్ని ఎక్కడ కూర్చోబెడతాం అన్న లెక్క. రిజిస్ట్రేషన్ పోతే పోనీండి. దాలమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి నేను పట్టా పుచ్చుకోను."

"అయిందా?"

"ప్రస్తుతానికి."

మేడమ్ కాసేపు కిటికీ వైపు చూశారు. ఆవిడ కళ్లలో కోపం లేదు. ఎగతాళి అసలే లేదు.

"దాలమ్మ తన కూతురి గురించి చెప్తుందే, చెంచా కథ. అది ఏ అధ్యాయంలో ఉంది?"

"నాలుగులో."

మేడమ్ కుర్చీని కంప్యూటరు ముందుకు లాక్కున్నారు. ఫైలు తెరిచి ఆ పేజీ వెతికారు. ఆవిడకి టైపింగు అంతంత మాత్రం. ఒక్కో మీట వెతుక్కుని ఒకే వేలితో నొక్కుతారు. నాగావళి రెండుసార్లు "నేను చేస్తాను మేడమ్" అంది. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టారు.

దాలమ్మ మాట మొదలైన చోట వరుస విడగొట్టారు. ముగిసిన చోట మళ్లీ విడగొట్టారు. మధ్యలోది లోపలికి జరిపారు. అక్షరాలు తగ్గించారు. సరిగ్గా ఆ సూపరింటెండెంటు అడిగినట్టే. ఆ ఒక్క పేజీ ప్రింటు తీశారు. నాగావళి థీసిస్‌లోంచి అదే పేజీ విడదీసి దాని పక్కన పెట్టారు.

"పలాసకి పొద్దున్నే బండి ఉంది కదూ?"

"ఉంది. ఎందుకు మేడమ్?"

"ఈ రెండు కాగితాలూ దాలమ్మ ముందు పెట్టు. తన మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమను."

నాగావళి ఆవిడ వంక వింతగా చూసింది. మరిచిపోయారా? వయసు మీద పడుతోందా?

"మేడమ్, దాలమ్మకి చదువు రాదు."

"తెలుసు," అన్నారు మేడమ్.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని కూడా నాగావళి మేడమ్‌తో వాదిస్తూనే ఉంది, మనసులో. చదువురాని మనిషికి కాగితం ఇచ్చి చదవమనడం ఏం న్యాయం? వేలిముద్ర వేయించుకునే వాళ్లకీ మనకీ తేడా ఏముంది? ఉన్నవే మూడు రోజులు, అందులో ఒకటి ఇలా రైలుపాలు. వాదన పదునుగానే వచ్చింది. ఎదురుగా వినేవాళ్లు లేరంతే.

శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక దాలమ్మ గుర్తొచ్చింది. మొదటిసారి ఫోను ముందు పెట్టి రికార్డు చేస్తానన్నప్పుడు ఆవిడ డబ్బులడగలేదు, ఫొటో అడగలేదు. "నా మాట బాగుసెయ్యకు. నాను ఎలగంటే అలగే పెట్టు. పుస్తకం అయ్యాక నాను ఏకాడున్నానో సూపించు, సాలు," అంది.

తప్పకుండా పిన్నీ, అంది నాగావళి అప్పుడు. అంత తేలిగ్గా ఇచ్చిన మాట ఇంకోటి లేదు.

బట్టీ దగ్గరికి చేరేసరికి అన్నాల వేళ. గేటు బయట రేకుల నీడలో ఆడవాళ్లు క్యారేజీలు విప్పుకుంటున్నారు. కాల్చిన పిక్కల ఘాటు గాలిలో ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు నాగావళి కళ్లు మండి ఏడ్చింది. ఇప్పుడు అలవాటైపోయింది.

"ఓలమ్మో, మన సదువుల గుంట వొచ్చింది!" అని కేకేసింది జగ్గమ్మ. దాలమ్మ పక్క పీట మీద కూర్చునే మనిషి. గుంట అంటే అక్కడి మాటలో పిల్ల. "ఏటే, ఇంకా అవ్వనేదా నీ పుస్తకం? మా మనవరాలు పుట్టి బడికెల్లిపోతంది!"

"ఊరుకోయే," అని దాలమ్మ నవ్వుతూ లేచింది. "తిన్నావేటే? సిక్కిపోయావు. కూకో."

"తిన్నాను పిన్నీ. నీకో పని చెప్పారు మా మేడమ్." నాగావళికి చెప్పడానికే సిగ్గేసింది. "కాగితం మీద నీ మాట ఎక్కడుందో నువ్వే వేలు పెట్టి చూపించాలట."

దాలమ్మ కళ్లు పెద్దవి చేసింది. "మీ మేడమ్‌కి ఏటైనా పిచ్చా?"

"నేనూ అదే అనుకున్నాను."

"ఇలగివ్వు సూద్దాం."

నాగావళి ముందు తన పేజీనే ఇచ్చింది. దాలమ్మ పట్టుకోలేదు. చేతులకు నూనె, ఆ నూనె మీద బూడిద. జీడి రసం చర్మాన్ని తినేయకుండా వాళ్లు అలా రాసుకుంటారు. "మాసిపోద్ది, నువ్వే పట్టుకో," అంది.

నాగావళి పట్టుకుంది. పై నుంచి కింది దాకా ఒకే పేరా. ఎక్కడా విరామం లేదు. దాలమ్మ ముందుకు వంగి, వెనక్కి జరిగి, తల ఓ పక్కకి వాల్చి చూసింది.

"ఎంత రాసేసినావే!" అంది మెచ్చుకోలుగా. తర్వాత ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పేజీ పైభాగాన వేలు ఆనించింది. "ఇదే."

"ఎలా చెప్పావు పిన్నీ?"

"సెప్పడానికేటుంది? ముందు నన్నే పెట్టుంటావు. నువ్వు మంచి గుంటవి."

నాగావళి నోరు తెరిచింది. దాలమ్మ అప్పటికే పక్కకు తిరిగిపోయింది.

"ఇటు సూడే జగ్గీ. ఇదుగో, నా మాట."

జగ్గమ్మ చేతిలో ముద్ద పట్టుకునే వచ్చి చూసింది. "నీదేనా? పుస్తకంలోకి ఎక్కేసినావన్నమాట! సదవే గుంటా, ఏటన్నాదో ఇంటాం."

దాలమ్మ వేలు ఇంకా అక్కడే ఉంది.

నాగావళి చదివింది. ఏం చేస్తుంది? వేలి కింద ఏముందో అదే చదివింది. "శ్రామిక స్త్రీ దేహం ఉత్పత్తి సంబంధాలలో పునర్నిర్మితమయ్యే క్రమంలో మాతృత్వ వ్యక్తీకరణ సాధనాలు సైతం రూపాంతరం చెందుతాయని ఈ కథనం..."

అక్కడితో చదవడం ఆపేసింది.

జగ్గమ్మ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది. "ఇవన్నీ ఎప్పుడన్నావే దాలీ?"

దాలమ్మ నవ్వలేదు. కాగితం వంక చూసి, నాగావళి వంక చూసింది. కోపం కాదు. సంతలో చెయ్యి వదిలేసిన పిల్లలా అయింది ఆ ముసలి ముఖం.

"ఇది నానన్నానా?"

"కాదు పిన్నీ. అది నేను రాసింది. నీది కింద ఉంది. ఇక్కడ, ఈ వరుస మధ్యలో మొదలై..." నాగావళి వేలు పేజీ మధ్యకు జరిగింది. "ఇదుగో, ఇక్కడి దాకా."

దాలమ్మ ఆ వేలి వెంట చూపు పోనిచ్చింది. నాగావళి వేలు తీసింది. దాలమ్మ చూపు అక్కడే వెతుక్కుంది. అంతా ఒకటే నలుపు. మళ్లీ దొరకలేదు.

"పోన్లేవే," అంది. "నీకు తెలుసు కదా, సాలు."

ఆ మాట నాగావళికి ఏ తిట్టు కంటే ఎక్కువగా తగిలింది. ఇంకో కాగితం చేతిలోనే ఉంది. ఇవ్వాలనిపించలేదు. అది ఎదుటి జట్టు కాగితం. అయినా ఎత్తి పట్టుకుంది.

ఈసారి దాలమ్మ తొందరపడలేదు. ఒకసారి మోసపోయిన మనిషి చూసినట్టు చూసింది. పైన నలుపు. కింద నలుపు. నడుమ కొంచెం తెల్లటి ఖాళీ. ఆ ఖాళీలో ఇటూ అటూ జాగా వదులుకుని ఓ చిన్న పేరా.

వేలు గాలిలోనే కాసేపు ఆగింది. తర్వాత నెమ్మదిగా వచ్చి ఆ చిన్న పేరా మీద దిగింది.

"ఇదేటి, ఇది ఏరేగా కూకుంది?"

నాగావళి కాగితం కదలకుండా పట్టుకుంది.

"ఇదేనేటి నాను? సదువు."

నాగావళి చదివింది.

"పిక్క కొట్టీసి ఇంటికెల్తానా, సేతులు ఎంత తోమినా జీడి పోదు. పిల్లకి ముద్ద పెడదామంటే మూతి మండిపోతాది. అందుకే నా పిల్ల సెంచాతో తిన్నాది, బువ్వ తినడం నేర్సినకాడి నుంచీ. ఈదిలో ఆలందరూ నవ్వీవోరు, దాలమ్మ కూతురు దొరసానిలాగ సెంచాతో తింటాదని. దొరసాని కాదు. నా సేతిలో జీడున్నాది. నా పిల్లకి నా సెయ్యి రుసి తెలీదు."

మూడో మాట దగ్గరే దాలమ్మ పెదాలు కదలడం మొదలుపెట్టాయి. నాగావళితో పాటు తనూ చెప్పుకుంటూ పోయింది, ఒక్క మాట తప్పకుండా. జగ్గమ్మ క్యారేజీ మూత పెట్టేసింది.

చదవడం అయింది. దాలమ్మ వేలు తీయలేదు.

"ఇది నాను," అంది.

నాగావళికి తన కోపం గుర్తొచ్చింది. దాన్ని కూడా దాచుకోకూడదనిపించింది.

"పిన్నీ, ఒకటి చూశావా? నా అక్షరాలు పెద్దవి, నీవి చిన్నవి. అలాగే వేయాలని రూలు పెట్టారు. అందుకే నేను ఒప్పుకోలేదు."

దాలమ్మ కాగితానికి ముఖం దగ్గరగా పెట్టి చూసింది. రెండు రకాల అక్షరాలనీ మార్చి మార్చి చూసింది.

"అవును, సిన్నవే," అంది. తర్వాత భుజాలు ఎగరేసింది. "మా ఇల్లూ సిన్నదే. గుమ్మం ఏరే ఉన్నాది గదా."

లోపల గంట కొట్టారు. ఆడవాళ్లు లేచారు. దాలమ్మ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇలాటివి నాయి ఎన్ని ఉన్నాయే ఆ పుస్తకంలో?"

"చాలా ఉన్నాయి పిన్నీ."

"అన్నీ ఇలగే పెడతావా?"

నాగావళి తల ఊపింది. దాలమ్మ లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు బండిలో నాగావళి ఎవరితోనూ వాదించలేదు. ఒడిలో రెండు కాగితాలు. రెండింటి మీదా బూడిద వేలిముద్రలు. ఎదురు సీటావిడ "ఏంటమ్మా, కాగితాలు మాసిపోయాయా?" అని అడిగితే "లేదండీ" అంది. అంతే. 

మర్నాడంతా ఆమె డిపార్టుమెంటు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. దాలమ్మ మాట, జగ్గమ్మ మాట, ఇంకా ఆ రేకుల కింద కూర్చునే వాళ్లందరి మాటలూ. ఎక్కడ మొదలైందో వెతకడం, విడగొట్టడం, జాగా ఇవ్వడం. కొన్ని చోట్ల తనకే తెలియలేదు. ఇది వాళ్లన్నదా, నేనన్నదా? రికార్డింగు మళ్లీ పెట్టుకుని విన్నది. ఒక చోట, జగ్గమ్మదనుకుని ఇన్నాళ్లూ మురిసిపోయిన వాక్యం తనదేనని తేలింది. ఇంకో చోట, తను రాశానని గర్వపడ్డ వాక్యం అచ్చంగా దాలమ్మది.

పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న తోటి స్కాలరు వంగి చూశాడు. "ఏం నాగా, లొంగిపోయావా? ఉద్యమం అయిపోయిందా?"

మామూలుగా అయితే ఆ కుర్రవాడు ఆ పూట టీ కూడా తాగలేనంత సమాధానం దొరికేది. నాగావళి తల ఎత్తలేదు. "కొంచెం ఆ ఫ్యాను తగ్గించు. వినపడటం లేదు," అని ఇయర్‌ఫోన్లు సర్దుకుంది.

శుక్రవారం పొద్దున్నే మేడమ్ గదికి వెళ్లింది. ప్రింటు తీసిన థీసిస్ బల్ల మీద పెట్టింది. దాని మీద ఆ రెండు కాగితాలు పెట్టింది.

మేడమ్ కళ్లద్దాలు పెట్టుకున్నారు. మొదటి కాగితం తీసుకున్నారు. పై వరుసల మీద బూడిద మరక. దాని కింద నాగావళి వాక్యం. రెండో కాగితం తీసుకున్నారు. నడుమ, విడిగా ఉన్న చిన్న పేరా మీద బూడిద మరక. వేలు చాలాసేపు ఆనినట్టుంది, ముద్ర గీతలు కూడా తెలుస్తున్నాయి.

రెండూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూశారో.

నాగావళి నిలబడే ఉంది. ఈసారి కోపంతో కాదు.

"అయిందా?" అని అడిగారు మేడమ్.

"అయింది మేడమ్."

మేడమ్ తలెత్తి చూశారు. అన్నేళ్లలో ఆ జవాబు వినడం ఆవిడకి అదే మొదలు. కలం తీసి సర్టిఫికెట్ పేజీ మీద సంతకం పెట్టారు. మూత పెట్టబోయి ఆగారు.

"చిన్న అక్షరాల సంగతి?"

నాగావళి సందేహించింది. "దాలమ్మ పిన్ని వదిలేసింది మేడమ్. నేనైతే వదల్లేదు. అది ఇప్పటికీ అన్యాయమే."

"అన్యాయమే," అన్నారు మేడమ్. సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి ఆమె వైపు జరిపారు. "థీసిస్ ఇచ్చి రా. వచ్చాక ఆ రూలు మార్చమని అర్జీ రాద్దాం. మొదటి సంతకం నాది."

నాగావళి ముఖం వెలిగింది. థీసిస్ గుండెలకి హత్తుకుని, అప్పుడే నోట్లో వాక్యాలు పేర్చుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది.

"నాగా," అని పిలిచారు మేడమ్ వెనక నుంచి.

"మేడమ్?"

"అర్జీలో కూడా, దాలమ్మ మాట విడిగా పెట్టు."